కార్వేటినగరం చిట్టెలుకలు, కడిగేసిన స్లైడ్లు

సారు పెద్దకర్మ కూడా కాలేదు, ఆయన స్లైడ్లన్నీ సబ్బునీళ్లలో నానేసి కడిగేశారు. ఒకటీ అరా కాదు, ఒక మనిషి జీవితమంతా పెట్టి చేసినవి. అరచేతిలో పట్టే ఆ గాజుపలకల మీద మన జిల్లా ఎలుకల క్రోమోజోములు ఉండేవి. ఇప్పుడు వాటి మీద ఫస్టియర్ పిల్లలు ఉల్లిపొర పెట్టి చూస్తున్నారు.

మా సారు పోయారు. తెల్లవారి పాలప్యాకెట్టు కోసం తలుపు తీసి, గడప మీద కూర్చుని, మళ్లీ లేవలేదు. సారు ఇంటావిడ, అమ్మగారు, నాకు ఫోన్ చేసి, "పాపా, మీ సారు ఇంక లేరు" అని ఒక్కమాట చెప్పి పెట్టేశారు. నేను బంగారుపాళ్యంలో బస్సెక్కి తిరుపతి చేరేసరికి ఇంటిముందు బంధువులు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన అంటున్నాడు: "కొండ మీద కైంకర్యం చేసే ఇంట్లో పుట్టి, జీవితమంతా ఎలకల్ని కోసుకుంటా పోయినాడు." నేను నోరు తెరవబోయాను. అమ్మగారు లోపలి నుంచే జవాబిచ్చారు: "కోసిన రోజల్లా తలకు పోసుకున్నారు. మీరు చీమను తొక్కిన రోజు ఎవరైనా పోసుకున్నారా?" ఆయన పక్కకు జరిగాడు.

నేను ఇంటర్ దాకా చదివాను, అదీ తప్పాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. సారు గురించి తెలిసినంత రాస్తాను. ఆయన పనిచేసిన కాలేజీ పేరు రాయను. వాళ్లకు తెలుసు.

మామిడి కాలంలో మా ఫ్యాక్టరీ వెనక తొక్కలూ టెంకలూ గుట్టలు పడతాయి. ఎలుకలకు పండగ. బోన్లు పెట్టడం, పడినవాటిని బోనుతో సహా నీళ్లడ్రమ్ములో ముంచడం నా పనుల్లో ఒకటి. ఒకరోజు గేటు దగ్గర నామం పెట్టుకున్న పెద్దాయన ఒకరు, భుజాన కాన్వాసు సంచీతో, వాచ్‌మన్‌ను బతిమాలుతున్నారు.

"సచ్చినవి వద్దప్పా. బతికుండేటివి కావాల."

సూపర్‌వైజర్ బయటికొచ్చి చూసి నవ్వాడు. "స్వామీ, లడ్లు దొరికే కొండ ఆపక్కుండాది. ఈడ ఎలకలే ఉండేది."

"ఎలకల కోసరమే వచ్చినాను నాయనా. కొండకు ఇంకోరోజు పోతాలే."

"ఏమ్మే, ఈ స్వామికి రెండెలకలు పొట్లం కట్టియ్యి!" అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వారు. నేను బోను తెచ్చి ఇస్తూ అడిగాను, వీటిని ఏం చేస్తారని.

"లోపల దారాలుంటాయి. ఎన్నుండాయో ఎంచతా."

"ఎంచి?"

"ఎంచినాక చెబుతా. ఆదివారం సెలవేగదా, తిరపతిలో మా కాలేజీకి రా."

ఊరికే అన్నారు కాబోలు. నేను మాత్రం పోయాను.

ఆయన అప్పటికే రిటైరయ్యారు. ఆ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ఒక మూల బల్ల, ఒక షెల్ఫు, పాత ఫ్రిజ్‌లో ఒక అర వాడుకోవడానికి అనుమతి అడిగి తెచ్చుకున్నారు. రోజూ ఉదయం వచ్చి, ముందు ఆ బల్ల తుడిచి, కళ్లజోడు తుడిచి, ఆఖరికి మైక్రోస్కోపు తుడిచేవారు. ఈ వరస ఎప్పుడూ మారలేదు. "కన్ను మురికిగా ఉంటే గాజును తప్పుబట్టేది మనిషి గుణం" అనేవారు.

నాకు మొదట అర్థమైన పాఠం బస్టాండులో జరిగింది. సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి వచ్చి, పూలమ్మే ఆమె గంప ముందు ఆగారు. కనకాంబరాలు రెండు మూరలు చేతికి తీసుకున్నారు.

"ఈ రెండూ కలిపి ముడేస్తే ఎన్ని దండలు?"

"ఒకటి."

"పూలు తగ్గినాయా?"

"యాడ తగ్గతాయి సారూ?"

"అంతే. తూర్పుదేశాల్లో ఇంటి ఎలక ఒకటుండాది, నలభై రెండు క్రోమోజోములు, ఆ దారాలే. మీ ఫ్యాక్టరీలో నువ్వు పట్టినదానికి ముప్పై ఎనిమిదే. దగ్గరి చుట్టాలే. పోయిందేమీ లేదు, నాలుగు జతలు ఒకదానికొకటి అతుక్కుని రెండు జతలైనాయి. ముడేసిన దండలు." తరువాత ఇంకో మూర తీశారు. అందులో పూలమధ్య మరువం వేసి కట్టి ఉంది. "ఇది సూడు. పూలు అన్నే, దండ మాత్రం పొడుగు. కొన్ని జంతువుల్లో డి.ఎన్.ఏ. ఇట్ట పెరగతాది. జన్యువులు పెరగవు, నడాన మరువం పెరగతాది."

"అయితే మరువం దండగేనా సారూ?"

"నిన్ను దండలో వాసన యాడిదని అడిగితే ఏం చెబుతావు? దండగని చెప్పను నేనెవుర్ని? తెలీదని చెబుతా."

పూలామె విసుక్కుంది. "సామీ, కొనేదుంటే కొనండి. పాఠం చెప్పేదుంటే బడికి పోండి. పూలు వాడతాండాయి."

సారు మూడు మూరలూ కొన్నారు. అమ్మగారికి రెండు, నాకొకటి.

అప్పట్నుంచి దొరికినది దొరికినట్టు చదివాను. తెలుగులో ఉన్నది తక్కువ, ఇంగ్లిషులో ఉన్నది ఫోన్‌లో మాట మాటా వెతుక్కుని చదివాను. అర్జెంటీనా ఎడారిలో ఎలుకజాతి జంతువొకటి ఉందనీ, దానికి క్రోమోజోములు వందకు పైననీ, డి.ఎన్.ఏ. మామూలు ఎలుకకు రెండింతలకు పైననీ, ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా వాదులాడుకుంటున్నారనీ ఒకరోజు పరుగున పోయి చెప్పాను. అంతుంటే అది మనకంటే తెలివైనదై ఉండాలి కదా అన్నాను. సారు తల కూడా ఎత్తలేదు. "ఉప్పాకు తింటా ఎడారిలో పడుండాదిలే పాపం" అన్నారు.

పని ఎలా చేసేవారో చెప్తాను, ఎందుకంటే కడిగేసింది ఆ పనిని. ఎలుక తొడ ఎముకలోని మూలుగ నుంచి కణాలు తీయాలి. వాటిని ఉబ్బించి, మందులో నిలవబెట్టి, చల్లటి గాజుపలక మీద పైనుంచి ఒక చుక్క వదలాలి. కణం పగిలి క్రోమోజోములు పరుచుకుంటాయి. సారు దీనికి స్టూలెక్కేవారు. పంచె ఎగగట్టి, స్టూలు మీద నిలబడి, పిల్లాడు బావిలోకి రాయి వేసి చప్పుడు వింటున్నట్టు ఒక చెవి వంచి, చుక్క వదిలేవారు. కింద స్టూలు పట్టుకునేది నేను.

ఎండాకాలం తిరుపతిలో గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలుసు. చుక్క పడగానే ఎండిపోయేది, క్రోమోజోములు ముద్దగా ఉండిపోయేవి. వాన పడితే సారుకు పండగ. వాన లేకపోతే ఆవిరి కావాలి. ఒక వేసవిలో ఇంటి ఇడ్లీపాత్రలో నీళ్లు మరిగించి ఆ ఆవిరి మీద స్లైడు పట్టారు. అమ్మగారు పూజ ముగించుకుని వంటింట్లోకి వచ్చి చూశారు.

"ఏమండీ, అది మడి పాత్ర!"

"ఎలక తగల్లేదు. ఆవిరే తగిలింది."

"ఆ ఆవిరికి ఎలక తగిలిందిగా?"

పాత్ర ల్యాబుకు చేరింది. ఇంట్లోకి కొత్తది వచ్చింది. "మా ఇంట్లో వాదనకు వచ్చి గెలిచినోడు లేడు" అని నాతో గొప్పగా చెప్పుకున్నారు.

డి.ఎన్.ఏ. ఎంత ఉందో కొలవడానికి కోడిరక్తం వాడేవారు. ఎలుక కణాన్నీ కోడి కణాన్నీ ఒకే స్లైడు మీద ఒకే గులాబీరంగులో ముంచి, ఏది ఎంత ముదురుగా పట్టిందో చూడాలి. కోడిది ఎంతన్నది ముందే తేలి ఉంది కాబట్టి అది తూకపురాయి. ల్యాబు పక్క సందులో చికెన్ కొట్టు ఉంది. నామం పెట్టుకుని గాజుగొట్టం పట్టుకుని సారు అక్కడ వరసలో నిలబడేవారు. కొట్టతను ముందున్నవాళ్లతో, "రొవంత జరగండి, సామికి ఒక్క చుక్క కావాల" అని కేకవేసేవాడు. వాళ్లు బిత్తరపోయి దారి ఇచ్చేవారు.

ఎలుకను చంపే ముందు మిగతా బోన్లను బయట వరండాలో పెట్టేవారు. ఒకటి పోతున్నది ఇంకోటి చూడకూడదు. ఆ పూట తినేవారు కాదు. "దీన్ని సంపితే దీనికి తగిన పని సెయ్యాల. లేకుంటే మనకూ మీ డ్రమ్ముకూ తేడా ఏముండాది?" అన్నారొకసారి. ఆ మాట తగిలింది. అప్పట్నుంచి ఎలుకను డ్రమ్ములో ముంచే పని నేను చేయలేదు.

ఇంక కార్వేటినగరం సంగతి.

అక్కడ వాగు పక్కన ఒక చెనక్కాయ చేను, అంటే వేరుశెనగ చేను, ఉండేది. చిట్టెలుకలు గట్ల కింద బొక్కలు తవ్వుకునేవి. సారూ నేనూ గడ్డపారతో గట్టు తవ్వేవాళ్లం. చేను రైతు మొదటిసారి మీదికి వచ్చాడు. "గట్టు పగలదీస్తే నీళ్లు యాడ నిలస్తాయి సామీ? నీ ఎలకలు తాగతాయా?" సారు గడ్డపార పక్కన పెట్టి, మట్టి తడిపి, గట్టును చేత్తో మెత్తి, అరచేత్తో చరిచి, ముందున్నదానికంటే గట్టిగా చేశారు. రైతు చూస్తూ నిలబడ్డాడు. మరుసటిసారి ఆయనే పిలిచాడు: "ఆ మూల గట్టు గుల్లబారిండాది సామీ, అది తవ్వండి." తవ్వితే మళ్లీ గట్టిగా కడతారు కదా.

చేనుకు ఈపక్కా వాగుకు ఆపక్కా దొరికిన చిట్టెలుకలు చూడ్డానికి ఒక్కటే. ముక్కూ తోకా బొచ్చూ తేడా లేదు. క్రోమోజోములు రెండింటికీ నలభయ్యే. కానీ వాగు ఆపక్కవాటికి కొన్ని క్రోమోజోములకు కొనలో పొట్టిచేయి లాంటిది అదనంగా ఉంది. మరువం ఎక్కువ. నడిమధ్య ఆ చేనులో పట్టినవాటిలో మాత్రం ఒకే జతలో ఒకటి చేయి ఉన్నది, ఒకటి లేనిది. తల్లి ఈపక్కది, తండ్రి ఆపక్కది.

ఆ రోజు సారు మైక్రోస్కోపు దగ్గర చాలాసేపు ఉండిపోయారు. తరువాత కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టారు.

"కనపడతాండాదా?"

"ఒకటి పొట్టిచేత్తో ఉండాది. పక్కది మొండిగా ఉండాది."

"ఒక జాతి రెండుగా చీలతాండాదో, చీలినవి మళ్లా కలస్తాండాయో, ఆ పని ఇప్పుడు జరగతాండాది మ్మే. లక్షల ఏండ్ల పని. మన కండ్లముందర, చెనక్కాయ చేన్లో."

అంత సంతోషంగా ఆయన్ను ఇంకెప్పుడూ చూడలేదు.

రాయండి సారూ, లోకానికి చెప్పండి అన్నాను. "ఇంకొక ఏడు సూస్తాం" అన్నారు. మరుసటి ఏడూ అదే మాట. "సూడకముందు చెప్పొద్దు. సూసినాక కూడా రొవంత ఆగు." ఈ మాటను నేను నా ఫోన్ మొదటి తెర మీద పెట్టుకున్నాను. ఇప్పుడు తీసేశాను. ఒక ఏడాది పోయేసరికి చేను లేదు. గట్లు చదును చేసి, తెల్లరాళ్లు పాతి, రంగుజెండాలు కట్టి ప్లాట్లు వేసి ఉన్నాయి. వాగులో మట్టి తోలారు. సారు ఒక హద్దురాయి మీద కూర్చుని నీళ్లు తాగారు. "పాపా, అవి ఇంక గాజు మీదే ఉండాయి" అన్నారు.

ఆ గాజునే కడిగారు.

ఎలా కడిగారో కూడా చెప్పాలి. ఆ ల్యాబులో ఒక అలవాటు ఉంది. పరీక్షలు అయ్యాక వాడిన స్లైడ్లన్నీ సబ్బునీళ్లలో నానేసి, రుద్ది, వరండాలో పాత పేపర్ల మీద ఆరబెట్టి, మరుసటి ఏడాది పిల్లలకు ఇస్తారు. కొత్తవి కొనని కాలేజీ కాబట్టి ఆ అలవాటు నేర్పింది సారే. ల్యాబులో పనిచేసే ఆయమ్మకు పక్కన కూర్చుని, అంచులు పట్టి రుద్దాలి, మధ్యలో వేలు పెట్టకూడదు అని చూపింది ఆయనే. తన సొంత స్లైడ్లకు సారు కాగితం అంటించేవారు కాదు. స్పిరిట్ తగిలితే కాగితం ఊడిపోతుందని, గాజు గీసే కలంతో మూలన సన్నగా గీత గీసేవారు. దాన్ని వెలుతురుకు అడ్డంగా వంచితేనే కనిపిస్తుంది. ఆయమ్మకు కళ్లు ఆనవు.

ఆయమ్మకు శాఖ పెద్ద చెప్పిన మాట ఒకటే: "ఆ మూల షెల్ఫు ఖాళీ చెయ్యి." ఆమె చేసింది. షెల్ఫులో ఉన్నవి స్లైడ్లు. స్లైడ్లను ఏం చేయాలో ఆమెకు నేర్పి ఉంది.

నేను పోయేసరికి వరండా పొడుగునా పేపర్ల మీద గాజు మెరుస్తోంది. ఒక్కోటి తీసి వెలుతురుకు వంచి చూశాను. గీతలున్నాయి. గీత పక్కన ఏమీ లేదు. మరక కూడా లేకుండా కడిగింది.

"ఇంత బాగా ఎవురు కడగమన్నారు నిన్ను?" అని అరిచాను.

"సారే గదమ్మా నేర్పినాడు కడగను," అంది ఆయమ్మ. తరువాత విషయం అర్థమై, తడిచేతులు కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుంది. "నా చేతులు ఇరగ. ఒక్కమాట చెప్పింటే? ఒక్కరన్నా చెప్పిండకూడదా?"

ఆమెను నేను ఒక్క మాటా అనను. ఇంకెవరూ అనకూడదు. షెల్ఫు ఖాళీ చేయమన్న మనిషికి ఆ బల్ల దగ్గర ఎవరు, ఎందుకు కూర్చునేవారో తెలుసు. రోజూ వెళ్తూ వస్తూ, "ఏం స్వామీ, ఎలకలు బాగుండాయా?" అని పలకరించేవాడు. ఒక్కసారైనా వంగి ఆ మైక్రోస్కోపులోకి చూడలేదు. అదే నేను తప్పంటున్నది.

సారూ, మీ మీద కూడా కోపమే. ఇంకొక ఏడు, ఇంకొక ఏడు అన్నారు. రాసి ఉంటే, గాజు పోయినా మాట ఉండేది. మీరు ఆగమన్నారు. చేను ఆగలేదు, మీ ప్రాణమూ ఆగలేదు. ఇప్పుడు నేను చూశాను అంటే ఎవరు నమ్ముతారు? ఫ్యాక్టరీ పిల్ల చిట్టెలుకలో ఏదో చూసిందట అంటారు. అది కల కాదు కదా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది. మీరుంటే అడిగేదాన్ని.

ఒక్కటి మిగిలింది. చుక్క వదలగా మిగిలిన కణాలను సారు మందులోనే ఉంచి, చిటికెనవేలంత గొట్టాల్లో పోసి, ఆ పాత ఫ్రిజ్‌లోని గడ్డకట్టే అరలో పెట్టేవారు. చెనక్కాయ చేనువి కూడా ఉన్నాయి. చల్లగా ఉంటే వాటినుంచి మళ్లీ స్లైడు చేయొచ్చు. ఇదంతా శాఖ పెద్దకు చెప్పాను.

"ఆ ఫ్రిజ్ ఈ నెలాఖరుకు పాతసామాన్ల వేలంలో పోతాది. లోపలుండే కెమికల్స్ పారబోస్తాం," అన్నాడు.

"పారబోయొద్దు సార్. నాకియ్యండి."

"నువ్వెవరు? స్టూడెంటువా? స్టాఫా? ఆయన బంధువా?"

మూడింటికీ కాదనే చెప్పాలి. చెప్పాను.

"మా ఇంట్లో కూడా ఎలకలుండాయమ్మా. వచ్చి పట్టుకపో." గదిలో ఉన్నవాళ్లు నవ్వారు.

సారు దగ్గర చదువుకున్న ఒకామె బెంగళూరులో ఇదే పని చేసే ల్యాబులో ఉంది. ఫోన్ చేస్తే ఏడ్చింది, గొట్టాలు తెస్తే తన దగ్గర పెట్టుకుంటానంది. అమ్మగారు ఒప్పుకుంటూ సంతకం చేసి ఇచ్చారు. కాలేజీ సంతకం ఒక్కటి కావాలి. అడిగితే, కమిటీలో పెట్టాలి, కమిటీ వచ్చే నెల అన్నారు. వేలం ఈ నెల. ఈ రెండు మాటలూ ఒకే నోటితో, ఒకే గదిలో, నవ్వుతూ చెప్పారు.

నాకు పెద్ద ఆశ లేదు. ఆ ఫ్రిజ్‌కు ఎవరైనా ఇప్పటికే కరెంటు తీసేసి ఉండొచ్చు. తీయకపోయినా, గొట్టాలు బెంగళూరు చేరినా, అందులోంచి క్రోమోజోములు మళ్లీ విడివడతాయో లేదో తెలియదు. విడివడినా, స్టూలెక్కి చెవి వంచే మనిషి లేడు. ఇది చదివే మీలో చాలామందికి చిట్టెలుక ఒక చిట్టెలుకే. మీరు వాగు పక్కన ఆ ప్లాట్లు కొనుక్కుని ఉండొచ్చు కూడా. ఉండండి, హాయిగా ఉండండి. కింద ఏముండేదో ఒక మనిషికి తెలుసు, ఆయన పోయారు.

అయినా అడుగుతున్నాను. శాఖ పెద్దగారూ, మీకే. ఆ ఫ్రిజ్ తలుపు తీసి, సారు గొట్టాలన్నీ ఒక్కటీ పోకుండా, సంతకం చేసి నాకు అప్పగించండి. ఇవ్వను అనుకుంటే ఆ మాటే కాగితం మీద రాసి, కింద మీ పేరు పెట్టి ఇవ్వండి. వచ్చే శుక్రవారం సాయంత్రం కాలేజీ గేటు మూసేలోపు నాకు ఏదో ఒక జవాబు కావాలి. ఆ రోజు పనికి సెలవు పెట్టాను. చేపల మార్కెట్‌లో తెల్ల థర్మోకోల్ పెట్టె కొన్నాను, ఉదయాన్నే దాన్ని ఐసుతో నింపి మీ వరండాలో ఒడిలో పెట్టుకుని కూర్చుంటాను. ఆ ఐసు సాయంత్రం దాకా ఉంటుంది. అంతకుమించి ఉండదు.